నల్లమల దుంగ నుంచి బద్వేలు బోర్డు దాకా

సామిల్లులో రంపం కిందికి వెళ్లిన ప్రతి దుంగా రెండు సరుకులై బయటికొస్తుంది. ఒకటి పలక. దానికి కొలత ఉంది, ధర ఉంది, అడితిలో చీటీ ఉంది. రెండోది పొట్టు, బెరడు, పేళ్లు, అంచుల్లో తెగిన వంకర బద్దలు. వీటికి చీటీ ఉండదు. గోతాంలో ఎత్తుకుపోయేవాడు ఎంతిస్తే అంతే. దుంగ సొట్టగా ఉన్నా, లోపల బొరియ ఉన్నా, ఇంచుమించు సగం బరువు ఈ రెండో లెక్కలోకే జారిపోతుంది. ఆ సగాన్ని మళ్లీ పలకగా మార్చే విద్య పుట్టి వందేళ్లు నిండాయి. అమెరికాలో మొదలై, యూరప్‌లో ముదిరి, మన దేశానికొచ్చి, చివరికి ఆళ్లగడ్డ నుంచి వంద కిలోమీటర్ల లోపే ఉన్న బద్వేలు దాకా చేరింది. ఇంత దూరం వచ్చిన విద్య నంద్యాల పొట్టుకుప్ప దగ్గరికి మాత్రం రాలేదు. ఎందుకు రాలేదో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

నంద్యాల, ఆళ్లగడ్డలకు తూర్పున నల్లమల ఉంది, పడమట నల్లరేగడి చేలున్నాయి. మధ్యలో కుందూ పారుతుంది. 1860ల్లో తవ్వడం మొదలైన కె.సి. కెనాల్ ఈ నేలకు నీళ్లు తెచ్చింది. చెక్క కథకు మాత్రం అసలు మలుపు రైలు. 1880ల్లో బళ్లారి వైపు నుంచి కృష్ణా తీరానికి వేసిన మీటర్‌గేజి లైను నంద్యాల దాటి, గాజులపల్లె, చెలమ మీదుగా నల్లమలను చీల్చుకుంటూ గిద్దలూరు వైపు దిగింది. బొగద సొరంగం, దొరబావి వంతెన ఆనాటివే. అంతకుముందు అడవి నుంచి ఎడ్లబండి మోయగలిగినంతే చెక్క ఊళ్లలోకి దిగేది. రైలొచ్చాక లెక్క మారింది. పట్టాల కింద వేయడానికి స్లీపర్లు కావాలి. తొలినాళ్లలో మద్రాసు ప్రెసిడెన్సీ ఇంజన్లు బొగ్గుతో పాటు కట్టెనూ తినేవి. 1882 మద్రాసు అటవీ చట్టంతో రిజర్వు అడవి గీతలు పడ్డాయి. కూపులు కూపులుగా విడగొట్టి వేలం వేయడం మొదలైంది. టేకు, నల్లమద్ది, ఏగిస, చిరుమాను, వెదురు అడవి దిగి వచ్చాయి.

ఆ రోజుల్లో వ్యర్థం అన్న ఆలోచనే లేదు. బాడిసతో చెక్కితే రాలిన పేళ్లు ఆ పూటకే పొయ్యిలోకి పోయేవి. చిత్రిక పడితే లేచే చుట్టలు నిప్పు రాజేయడానికి పనికొచ్చేవి. తుమ్మ మొద్దులో బండి చక్రానికి పనికిరాని ముక్క నాగలి మేడికో, కొడవలి పిడికో, గుంజకో సరిపోయేది. వడ్రంగి ఇంటి వెనక కుప్ప పెరగాలంటే మరమిల్లు రావాలి, రోజుకు పదుల దుంగలు తెగాలి. మరమిల్లులు వచ్చాయి, కుప్పలూ పెరిగాయి.

ఆ కుప్పకు మన ఊళ్లు కనిపెట్టిన జవాబు పొట్టు పొయ్యి. గ్యాసు రాకముందు రాయలసీమ పట్టణాల్లో హోటళ్లలోనూ, మధ్యతరగతి ఇళ్లలోనూ ఇది తెలియనివారు తక్కువ. పాత నూనె డబ్బా ఒకటి తీసుకుని, కింద పక్కన అరచేతి వెడల్పున బెజ్జం చేస్తారు. డబ్బా నడిమధ్య నిలువుగా ఒక సీసానో, రోకలిబండ లాంటి గుండ్రటి కర్రనో నిలబెట్టి, బెజ్జంలోంచి అడ్డంగా ఇంకో కర్ర దూర్చి దానికి తాకిస్తారు. చుట్టూ రంపపు పొట్టు పోసి పిడికిలితో, తర్వాత పచ్చడి బండతో గట్టిగా దట్టిస్తారు. ఎంత గట్టిగా దట్టిస్తే అంతసేపు మండుతుంది. ఆ పైన రెండు కర్రలూ మెల్లగా తిప్పుతూ బయటికి లాగాలి. తొందరపడితే పొట్టు కూలిపోయి మళ్లీ మొదటికొస్తుంది. సరిగ్గా వస్తే లోపల ఎల్ ఆకారంలో గాలి దారి మిగులుతుంది. కింది బెజ్జంలో ఒక పుల్ల వెలిగించి పెడితే చాలు. లోపలి గోడ నుంచి బయటికి కాలుతూ, పొగ పెద్దగా లేకుండా, ఊదకుండా, ఎగదోయకుండా గంటల తరబడి మండుతుంది. పాత తరం ఇంజనీరింగ్‌లో దీనికి మంచి మార్కులే వేయాలి. తేమ తగిలిన పొట్టుతో మాత్రం అది పొగ గొట్టమే.

మన వైపు పొట్టును దట్టించి కాలుస్తున్న కాలంలోనే, అమెరికాలో మిసిసిపి రాష్ట్రం లారెల్ అనే ఊళ్లో ఒకాయన దాన్ని దట్టించి పలక చేయాలని కూర్చున్నాడు. పేరు విలియం మేసన్. థామస్ ఎడిసన్ దగ్గర పనిచేసినవాడు. లారెల్ చుట్టూ పైన్ అడవులు, పెద్ద పెద్ద రంపపు మిల్లులు. మిల్లుల పక్కన కొండల్లా పేరుకున్న చెక్కముక్కల్ని రాత్రింబవళ్లు కాలబెట్టడమే అక్కడి పద్ధతి. మేసన్ చేసింది చెప్పుకోవడానికి తేలిక: చెక్కముక్కల్ని ఇనుప గొట్టంలో పోసి, చదరపు అంగుళానికి 1000 పౌండ్ల దాకా ఆవిరి పీడనం ఎక్కించి, ఒక్కసారిగా మూత తెరిచేశాడు. చెక్క లోపలి నుంచి పేలి పీచుపీచైపోయింది. ఆ పీచును ఒత్తి మెత్తటి ఇన్సులేషన్ అట్ట చేద్దామనుకున్నాడు. 1924లో ఒకరోజు ప్రెస్‌లో పీచు పెట్టి భోజనానికి వెళ్లాడని, ఆవిరి వాల్వు కారుతూ ఉండిపోయిందని, తిరిగొచ్చేసరికి వేడికి, ఒత్తిడికి అది గట్టి పలక అయి కూర్చుందని కథ చెబుతారు. ఆవిష్కర్తల కథల్లో ఈ భోజన విరామం కాస్త తరచుగానే కనిపిస్తుంది. నమ్మినా నమ్మకపోయినా ఫలితం నిజం. జిగురు వేయకుండానే, చెక్కలోనే ఉండే లిగ్నిన్ వేడికి కరిగి పీచుల్ని పట్టుకుంది. ఆ పలక మేసనైట్ అన్న పేరుతో అమెరికా ఇళ్లలోకి వెళ్లింది. అదే హార్డ్‌బోర్డు.

1930ల మొదట్లో స్వీడన్‌లో ఆర్నె ఆస్‌ప్లండ్ ఇంకో దారి తీశాడు. చెక్కను పేల్చనక్కర్లేదు, ఆవిరిలో మెత్తబరిచి రెండు పళ్ల పలకల మధ్య రుబ్బితే చాలని నిరూపించాడు. ప్రపంచంలోని ఫైబర్‌బోర్డు మిల్లుల్లో నేడు తిరుగుతున్నది ఆ తిరగలికి మనవడే. జర్మనీలో మాక్స్ హిమ్మెల్‌హెబర్ పీచు దాకా వెళ్లకుండా, చిన్న చిన్న రవ్వల్నే జిగురుతో అతికించే పార్టికల్ బోర్డు మీద పనిచేశాడు. యుద్ధకాలపు చెక్క కరువు దాన్ని ఫ్యాక్టరీకెక్కించింది. స్విట్జర్లాండ్‌లో ఫ్రెడ్ ఫార్ని దాన్నే మూడు పొరలుగా చేశాడు: పైనా కిందా సన్న రవ్వ, మధ్యలో ముతక రవ్వ. ఆ పలకకు పెట్టిన పేరు నోవోపాన్. ఈ పేరు హైదరాబాదు వాసులకు కొత్త కాదు, ఆ సంగతి తర్వాత చెబుతాను. 1960ల నడుమ న్యూయార్క్ రాష్ట్రంలోని డిపాజిట్ అనే ఊళ్లో మీడియం డెన్సిటీ ఫైబర్‌బోర్డు, అంటే మనం ఎం.డి.ఎఫ్. అంటున్నది, వ్యాపార స్థాయిలో తయారైంది. హార్డ్‌బోర్డు తడి పద్ధతిలో నీళ్లు విపరీతంగా తాగి, మురుగు విపరీతంగా వదిలేది. ఎం.డి.ఎఫ్. పొడి పద్ధతి. నీటి బదులు గాలి, లిగ్నిన్ బదులు యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు. నీటి గొడవ తగ్గింది, రసాయనం గొడవ మొదలైంది.

మన దేశంలో హార్డ్‌బోర్డు చేసిన తొలి సంస్థల్లో కేరళ బలియాపట్టణంలోని వెస్టర్న్ ఇండియా ప్లైవుడ్స్ ఒకటి. మనవైపు హార్డ్‌బోర్డు ఇంటి సామానుగా కాక పరీక్ష సామానుగా వచ్చింది. ఒకవైపు నున్నగా గోధుమరంగు, వెనకవైపు వైరు జాలీ అచ్చు, పైన ఇనుప క్లిప్పు. పదో తరగతి పరీక్షలకు వెళ్లిన ప్రతివాడి చంకలో ఉన్న ప్యాడ్ అదే. ఆ వెనకవైపు జాలీ గుర్తు ఊరికే పడింది కాదు. తడి పద్ధతిలో ఒత్తేటప్పుడు నీళ్లు జారిపోవడానికి కింద జల్లెడ వేస్తారు, దాని ముద్ర అది. రేడియో వెనక బెజ్జాల మూత కూడా హార్డ్‌బోర్డే. అలా రెండు తరాలవారు మేసన్ కొడుకుల్ని చేత పట్టుకు తిరిగారు, ఆయన పేరు వినకుండానే.

తెలుగునాట చెక్కరవ్వల బోర్డుకు చిరునామా అయింది పటాన్‌చెరు. జి.వి.కె. సంస్థ అక్కడ స్విస్ పేరుతోనే నోవోపాన్ పార్టికల్ బోర్డు తయారుచేసింది. ప్రభుత్వాఫీసు బల్లలు, సూట్‌కేసు మంచాలు, టీవీ స్టాండ్లు లామినేషన్ తొడుక్కుని ఆ బోర్డుతో తయారయ్యాయి. ఒడిశాలోని నవరంగపురంలో మంగళం టింబర్ అనే సంస్థ ఎం.డి.ఎఫ్. చేసింది. రాయలసీమలో ఆ దశలో కట్టెకు పెద్ద గిరాకీ బోర్డుది కాదు, కాగితానిది. కర్నూలు దగ్గర గొందిపర్లలో రాయలసీమ పేపర్ మిల్లు పెట్టినప్పుడు నల్లమల వెదురుకు కొత్త దారి తెరుచుకుంది. పీచు చేయడమనే విద్య ఈ ప్రాంతానికి ఆ రూపంలో వచ్చింది. పీచు తీసి పలక ఒత్తే రూపంలో రాలేదు.

ఇంతలో అడవి తలుపులు మూసుకున్నాయి. 1978లో నాగార్జునసాగర్, శ్రీశైలం అడవులు అభయారణ్యం అయ్యాయి, 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి వెళ్లాయి. గుండ్ల బ్రహ్మేశ్వరం కూడా అభయారణ్యమైంది. 1988 జాతీయ అటవీ విధానం పరిశ్రమలకు ఒక మాట తెగేసి చెప్పింది: మీకు కావలసిన కట్టె మీరే రైతుల దగ్గర పెంచుకోండి, అడవి వైపు చూడకండి. 1993లో కేంద్ర ప్రజాపనుల శాఖ తన కట్టడాల్లో చెక్క వాడకం ఆపేసింది. ఆ నిషేధం 2020 దాకా తీయలేదు. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ తిరుమల్పాడ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు దేశంలోని ప్రతి సామిల్లునూ కుదిపింది. అడవిలో అనుమతిలేని నరికివేతతో పాటు లైసెన్సులేని మిల్లుల మీద కూడా కత్తి పడింది. రైల్వేలు సిమెంటు స్లీపర్లకు మారాయి. నంద్యాల మీదుగా పోయే ఆ పాత మీటర్‌గేజి లైను కూడా బ్రాడ్‌గేజి అయిపోయింది.

చెక్క వెనక్కి తగ్గిన చోట ప్లాస్టిక్ ముందుకొచ్చింది. ఇందులోనూ నంద్యాలకు వాటా ఉంది. భాభా అణు పరిశోధన కేంద్రంలో ఉద్యోగం వదిలివచ్చిన ఎస్.పి.వై. రెడ్డి ఇక్కడ ప్లాస్టిక్ పరిశ్రమ పెట్టి, నంది పైపులతో ఊరి పేరు పొలం పొలానికీ మోయించారు. తర్వాత ఆయన మూడుసార్లు నంద్యాల ఎంపీ అయ్యారు, 2019లో చనిపోయారు. పరిశ్రమ అంటే పెద్ద నగరంలోనే పెట్టాలన్న భ్రమను ఈ ఊరు అప్పుడే పోగొట్టుకుంది. అందుకే బోర్డు పరిశ్రమ ఇక్కడికి రాకపోవడానికి జనంలో చొరవ లేదనడం కుదరదు. కారణం ముడిసరుకు లెక్కలో ఉంది.

నేటి సామిల్లులో నల్లమల దుంగ దొరకడం అరుదు. ఆఫ్రికా టేకు, మలేషియా చెక్క, న్యూజిలాండ్ పైన్ ఓడరేవుల్లో దిగి లారీల్లో వస్తాయి. వాటి పక్కన స్థానికంగా వేప, తుమ్మ, మామిడి ఉంటాయి. రంపం ఒకటే, పొట్టు కలగాపులగం. మధ్యమధ్య మేకులు, ఇసుక, బెరడు. ఎం.డి.ఎఫ్. మిల్లుకు ఇది గిట్టదు. ఆ మిల్లు ఏం కోరుకుంటుందో చూస్తే సంగతి తెలుస్తుంది.

దుంగ రాగానే ముందు బెరడు ఒలుస్తారు. తర్వాత చిప్పర్‌లో వేసి అంగుళం అటూఇటుగా ఉండే ముక్కలు చేస్తారు. జల్లెడ పట్టి, పొడిని ఒకవైపు, లావు ముక్కల్ని ఇంకోవైపు తీసేస్తారు. కడిగి రాళ్లూ ఇసుకా దించేస్తారు. ఆపైన ఆవిరి గొట్టంలోకి. 170 డిగ్రీల సెల్సియస్‌కు అటూఇటుగా నాలుగైదు నిమిషాలు ఉడికితే ముక్క మెత్తబడుతుంది, రుబ్బుడు పలకల మధ్యకు వెళ్లి దూదిలాంటి పీచు అయి వస్తుంది. పీచు వేగంగా గొట్టంలో పోతుండగానే జిగురు, మైనం చల్లుతారు. పొడవాటి ఆరబెట్టే గొట్టంలో కొద్ది సెకన్లు ఎగిరేసరికి తేమ పదో వంతుకు దిగుతుంది. అప్పుడు దాన్ని పరుపులా పరిచి, ముందు చల్లగా ఒత్తి, తర్వాత 200 డిగ్రీల దగ్గర ఉక్కు బెల్టుల మధ్య నిరంతరంగా నడిపిస్తారు. అడుగు ఎత్తుకు పైగా ఉన్న పరుపు అంగుళం లోపు పలక అవుతుంది. చల్లార్చి, సాన పట్టి, కోసి లారీకెక్కిస్తారు. ఘనపు మీటరు ఆరేడు వందల కిలోలు తూగుతుంది. ఈ మొత్తం వరుసలో నాణ్యతకు గుండెకాయ పీచు పొడవు. సామిల్లు పొట్టులో పీచు అడ్డంగా తెగిపోయి ఉంటుంది. దాన్ని మళ్లీ పీచు చేయలేరు. బియ్యప్పిండి నుంచి బియ్యం చేయమన్నట్టే. కొద్ది పాళ్లలో కలుపుకోవచ్చు, అంతే. ఇసుక ఉంటే రుబ్బుడు పలకల పళ్లు అరిగిపోతాయి, అవి చవక కాదు.

అందుకే ఈ తరం ఫ్యాక్టరీలు పొట్టుకుప్పల పక్కన కాక, నీలగిరి, సుబాబుల్, సరుగుడు తోటల పక్కన వెలిశాయి. 2018లో శ్రీకాళహస్తి దగ్గర తొట్టంబేడు మండలంలో గ్రీన్‌ప్లై పెట్టిన ఎం.డి.ఎఫ్. కర్మాగారం ఏడాదికి 3,60,000 ఘనపు మీటర్ల సామర్థ్యంతో మొదలైంది. ఆ విభాగమే విడిపోయి గ్రీన్‌ప్యానెల్ అయింది. 2021లో అచ్యుతాపురంలో రుషిల్ డెకార్ కర్మాగారం నడక ప్రారంభించింది. కడప జిల్లా బద్వేలు దగ్గర గోపవరంలో సెంచరీ ప్లైవుడ్స్ వారి సంస్థ ఈ దశకంలోనే ఎం.డి.ఎఫ్. లైను వేసింది. ఆళ్లగడ్డలో బయల్దేరి చాగలమర్రి, దువ్వూరు, మైదుకూరు దాటి తూర్పుకు తిరిగితే బద్వేలు. లారీకి ఒక పూట కూడా పట్టదు.

ఇక్కడ నాకు ఒక పేచీ ఉంది. బోర్డు కంపెనీల ప్రచారంలో 'చెక్క వ్యర్థంతో తయారీ', 'చెట్లను కాపాడే పలక' అనే మాటలు ఇంకా తిరుగుతున్నాయి. మేసన్ కాలానికి అవి అక్షరాలా నిజం. నేడు మన రాష్ట్రంలో పలక అయ్యేది చాలావరకు అందుకోసమే నాటిన చెట్టు. నాటిన చెట్టు నరకడం తప్పేమీ కాదు. సహజ అడవి మీద ఒత్తిడి తగ్గించినందుకు దానికి మెచ్చుకోలు దక్కాల్సిందే. కాగితం మిల్లులు తప్ప వేరే కొనేవాడు లేక, ధర కోసం ఏళ్ల తరబడి రోడ్డెక్కిన సుబాబుల్ రైతుకు రెండో గిరాకీ వచ్చిందంటే అదీ మంచే. కాని దాన్ని వ్యర్థం పేరుతో అమ్మడం సరికాదు. అసలు వ్యర్థం సామిల్లుల వెనక, చేలగట్ల మీద అలాగే ఉంది.

మరి ఆ పలక ఊళ్లోకి ఎలా తిరిగొచ్చింది? నంద్యాలలో కొత్త ఇల్లు కట్టేవారెవరైనా చెబుతారు. వంటింటి అరలు, పడకగది కబోర్డులు, టీవీ గోడ అన్నీ బోర్డే. పూజగది తలుపుకు ఓంకారం, శంఖుచక్రాలు, నామాలతో కోసిన జాలీ ఎం.డి.ఎఫ్. మీద కంప్యూటర్ రంపం చేసే పని. టేకులో వారాలు పట్టే ఆ జాలీ ఇప్పుడు పూట పని. కంచు తలుపు కాకపోయినా కళ్లకు నిండుగా ఉంటుంది, మధ్యతరగతికి అందుతుంది. దాన్ని చిన్నచూపు చూడనక్కర్లేదు.

నీళ్ల దగ్గర మాత్రం దాని బండారం బయటపడుతుంది. 1990ల్లో అమెరికాలో ఇళ్ల బయటి గోడలకు కొట్టిన హార్డ్‌బోర్డు వానకు ఉబ్బి కుళ్లిపోయి, మేసనైట్ కంపెనీ కోర్టులో ఇంటి యజమానులకు జవాబు చెప్పుకోవలసి వచ్చింది. మనకు కుందూ ఉంది, మద్దిలేరు ఉంది. అవి పొంగితే నంద్యాల లోతట్టు వీధుల్లోకి నీళ్లు రావడం కొత్త కాదు. మోకాలి లోతు నీళ్లు ఒక రాత్రి నిలిస్తే, టేకు బీరువా కడిగి ఎండబెడితే లేస్తుంది. మామూలు ఎం.డి.ఎఫ్. అర కింది అంచు పూరీలా పొంగి మళ్లీ దిగదు. కింది అరలు గచ్చు మీద పెట్టకుండా నాలుగంగుళాల రాతి కట్టు మీద నిలబెట్టే మేస్త్రీ ఆ సంగతి తెలిసినవాడు.

కనపడని ఇంకో సంగతి జిగురు. యూరియా ఫార్మాల్డిహైడ్ కొంచెం కొంచెంగా ఆవిరి వదులుతూ ఉంటుంది. కొత్త కబోర్డు తెరిస్తే కళ్లు మండేది దానివల్లే. ఫార్మాల్డిహైడ్ మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2004లో తేల్చింది. చెక్కధూళి సంగతి అంతకుముందే తేల్చింది. అందుకే ఆవిరి తక్కువ వదిలే బోర్డులకు ఇ1 అని వేరే తరగతి ఉంది. ఇంట్లో ఉండేవారికి కిటికీ తెరిచి పెట్టుకునే వీలుంది. రోజంతా ఆ బోర్డును కోస్తూ, సాన పడుతూ మైదాపిండి లాంటి దుమ్ములో నిలబడే వడ్రంగి కుర్రాడికి తువ్వాలు ముక్కే దిక్కు. బోర్డు ధరలో ఒక మంచి మాస్కు ఖరీదు కనపడనంత చిన్నది. ఇచ్చే యజమానులు తక్కువ.

ఆళ్లగడ్డ విషయంలో ఒక మాట. ఈ ఊరికి పేరు తెచ్చింది చెక్క కాదు, రాయి. ఇక్కడి శిల్పశాలల్లో విగ్రహాలు ఉలితో పుడతాయి, భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. రాతి పనిలో ఉలి కింద రాలింది రాలిందే, అది మళ్లీ విగ్రహం కాదు. చెక్క పనికి ఆ శాపం లేదు. రాలిన పేడును మళ్లీ పలక చేయవచ్చు. అయినా రెండు వృత్తుల పక్కనా కుప్పలు ఒకే తీరుగా ఉన్నాయి. రాతి ముక్కల కుప్పకు సాకు ఉంది, చెక్క పేళ్ల కుప్పకు లేదు.

ఇంతకన్నా పెద్ద కుప్ప పొలంలో ఉంది. బ్రిటిషు కాలపు పత్తి వర్తకులు నంద్యాల, కోవెలకుంట్ల, సిరివెళ్ల వైపు పత్తిని 'నార్తర్న్స్' అని పిలిచేవారు. ఆ పేరుతోనే అది మద్రాసు మార్కెట్‌లో ధర పలికేది. నంద్యాలలో 1906లో వ్యవసాయ పరిశోధనా స్థానం పెట్టారు. నరసింహ అన్న పత్తి రకం ఇక్కడిదే. వందేళ్లకు పైగా దూది గురించి అంత శ్రద్ధ పెట్టాం. దూది తీసేశాక నిలబడిన కట్టె గురించి అంత పెట్టలేదు. ఎకరా పత్తిలో ఇంచుమించు ఒక టన్ను కట్టె మిగులుతుంది. అది గడ్డి కాదు, గట్టి చెక్క లాంటి సరుకు. ముంబయిలోని కేంద్ర పత్తి సాంకేతిక పరిశోధనా సంస్థ, 1924లో పుట్టిన సిర్కాట్, పత్తికట్టెతో పార్టికల్ బోర్డు చేసే పద్ధతిని ఎన్నో ఏళ్ల కిందటే తయారుచేసి పెట్టింది. కట్టెను ముక్కలు కొట్టి, రవ్వగా ఆడి, జిగురు కలిపి, మూడు పొరలుగా పరిచి వేడిలో ఒత్తడమే. ఫార్ని చేసిన పనే, చెట్టు బదులు పత్తి.

ఇందులో ఇంకో లాభం ఉంది, అది రైతుకు బోర్డు ధర కన్నా పెద్దది. గులాబీరంగు కాయతొలుచు పురుగు పత్తి తీసేశాక మిగిలిన కాయల్లో, కట్టెల్లో దాక్కుని మరుసటి పంటకు కాచుకుంటుంది. బి.టి. పత్తి వచ్చాక కొంతకాలం తగ్గి, మళ్లీ విరుచుకుపడింది. పంట అయిపోగానే కట్టె పీకేయండి, ఇంటి పక్కన వామి వేయకండి అని శాస్త్రవేత్తలు ఏటా మొత్తుకుంటారు. రైతు వినకపోవడానికి కారణం మొండితనం కాదు. పీకడానికి కూలి ఖర్చు, కొనేవాడు లేడు. చివరికి పొలంలోనే నిప్పు పెడతాడు, లేదా పొయ్యి కోసం వామి వేస్తాడు. ఫిబ్రవరిలో ఆ కట్టె కొనే మిల్లు ఒకటి ఉంటే పురుగు గూడు, పొలంలో పొగ రెండూ ఒక్క దెబ్బతో పోతాయి.

అడ్డంకి కూడా స్పష్టమే. పత్తికట్టె తేలిక, బోలెడు చోటు పడుతుంది. ట్రాక్టరు నిండా వేసినా బరువు తూగదు, కిరాయి గిట్టదు. పైగా అది రెండు మూడు నెలల సరుకు, మిల్లుకు ఏడాదంతా మేత కావాలి. బోర్డు మిల్లు పెట్టే ముందు కావలసింది కదిలే చిప్పర్లు. పొలంలోనే కట్టెను ముక్కలు కొడితే అదే లారీలో ఎన్నో రెట్లు సరుకు పడుతుంది. వానాకాలం నెలలకు సామిల్లు పేళ్లు, అంచు బద్దలు, చిప్పర్‌లో వేసిన తుమ్మ కొమ్మలు సరిపెట్టుకోవచ్చు. పార్టికల్ బోర్డుకు పీచు పొడవు ఎం.డి.ఎఫ్. అంత కచ్చితంగా అక్కర్లేదు కనుక, ఎం.డి.ఎఫ్. మిల్లు వద్దన్న నంద్యాల పొట్టుకు ఇక్కడ చోటు దొరుకుతుంది. శ్రీకాళహస్తి, బద్వేలు కర్మాగారాలు వేల కోట్ల వ్యాపారంలో పందెం కాస్తాయి. వాటి పక్కన ఇంకో ఎం.డి.ఎఫ్. కర్మాగారం నంద్యాలకు అడగడం దండగ. చిన్న పార్టికల్ బోర్డు మిల్లు, దాని చుట్టూ ఇరవై ముప్పై కిలోమీటర్ల లోపు చిప్పర్లు, ఇది ఈ నేలకు తగిన కొలత.

నంద్యాలలో పత్తి పుట్టుపూర్వోత్తరాలు తెలిసిన పరిశోధనా స్థానం ఉంది. మహానందిలో వ్యవసాయ కళాశాల ఉంది. 2022 ఏప్రిల్ నుంచి సొంత జిల్లా యంత్రాంగం ఉంది. సిర్కాట్ దగ్గర పద్ధతి సిద్ధంగా ఉంది. వీరిని ఒకచోట కూర్చోబెట్టే పని జిల్లా పరిశ్రమల కేంద్రానిది. వచ్చే పత్తి తీత అయ్యేలోగా రెండు చిప్పర్లు అద్దెకు తెచ్చి, సిరివెళ్ల వైపో ఆళ్లగడ్డ వైపో ఒక్క మండలంలో కట్టె కొని చూడండి. టన్నుకు రైతుకు ఎంత మిగిలిందో, రవాణాకు ఎంత పోయిందో ఆ లెక్క జనం ముందు పెట్టండి.